నూట పన్నెండో పేజీ

నా చిన్నప్పుడు నేను చేసిన తెలివితక్కువ పనులకి పోటీ పెడితే మొదటి బహుమతి దీనికే వస్తుంది: ఒక్క మాటైనా చెవిన పడని భాషని మూడు నెలలపాటు బట్టీ పట్టాను. భాష ఐరిష్. బట్టీ పట్టిన ఊరు సౌదీలోని తబూక్. "చిన్నప్పుడు" అని మొదలుపెట్టేంత వయసు నీకెక్కడొచ్చిందిరా అని మా అమ్మ నవ్వుతుంది. కానీ మా బాబాయి కొడుకు ఒకరోజు "మీ కాలంలో ఎలా చదివేవాళ్ళు అన్నయ్యా?" అని అడిగాడు. ఆ పూటే నేను పెద్దల్లో కలిసిపోయాను. పెద్దవాణ్ణయ్యాక చిన్నతనం గురించి చెప్పకపోతే బాగుండదు కదా.

అప్పుడు నాకు పన్నెండేళ్ళు. అమ్మ అక్కడ హాస్పిటల్లో నర్సు, నాన్న ఒక కాంట్రాక్టు కంపెనీలో స్టోర్‌కీపర్. ఆ రోజుల్లో మా ఇంట్లో ఎవరు నోరు విప్పినా రంగుల గురించే. నితాఖాత్ అని ఒక రూలు వచ్చాక, ఎంతమంది సౌదీలకి పని ఇచ్చారన్నదాన్ని బట్టి ప్రతి కంపెనీకీ ఒక రంగు పడేది. నాన్న కంపెనీకి ఎరుపు పడింది. ఎరుపులో ఉన్న కంపెనీ తన మనుషుల ఇకామాలు రెన్యూ చేయించలేదు. ఇకామా లేకపోతే ఆ దేశంలో ఉండడానికి లేదు. నాన్నది వేసవితో ఆఖరు. నాన్నతో పాటే నాదీ, చెల్లిదీ. ఆ పైన, కుటుంబంతో ఉండేవాళ్ళు తలకింత చొప్పున కట్టాలని లెవీ ఒకటి పెట్టారు. అప్పటి నుంచి నాన్న అన్నం తింటూ తింటూ నా తలకాయ వైపు చూసేవాడు, అందులో అంత ఖరీదైనదేముందా అన్నట్టు.

ఇంతలో అమ్మకి ఐర్లండులో ఒక హాస్పిటల్లో ఉద్యోగం ఖాయమైంది. పిన్నీ బాబాయీ అప్పటికే అక్కడ ఉన్నారు. ఎరుపులోంచి నేరుగా పచ్చటి దేశంలోకి పోతున్నామని ఇంట్లో పండగ. ఆ పండగ మీద బాబాయి ఫోన్లో నీళ్ళు చల్లాడు.

"అన్నయ్యా, ఇక్కడ బళ్ళో ఐరిష్ కంపల్సరీ. ఆ పరీక్ష రాయకపోతే వాణ్ణి చేర్చుకోరు. అది రాకపోతే భీమవరంలో ఏదైనా హాస్టల్లో వేసి రండి. ఏముంది, మూణ్నాలుగేళ్ళు."

మా బాబాయి దేని గురించైనా ఇంత నమ్మకంగానే చెబుతాడు. ఆయన నోట తెలియదన్న మాట మా వంశంలో ఎవరూ వినలేదు. కాబట్టి అందరూ నమ్మారు. అందరికంటే ఎక్కువ నేను నమ్మాను. అమ్మా నాన్నా, ఇంకా బడి వయసు రాని చెల్లీ విమానం ఎక్కుతుంటే, నేను ఒక ట్రంకు పెట్టె మీద కూర్చుని చెయ్యి ఊపుతున్నట్టు రోజూ కనిపించేది.

బాబాయి ఆ పరీక్షకి చదవాల్సిందంటూ ఒక ఫైలు పంపాడు. నాన్న ఆఫీసులో దాన్ని ప్రింటు తీశాడు. ఆ కంపెనీలో జీతాలు ఆగిపోయాయి గానీ ప్రింటరు ఆగలేదు. నూట నలభై పేజీలు. అమ్మ దాన్ని హాస్పిటల్ నుంచి తెచ్చిన క్రేప్ బ్యాండేజీతో చుట్టింది.

ఎంత చదవాలి? ఇదే నా ప్రశ్న. నాన్నని అడిగితే "మొత్తం" అన్నాడు. అమ్మ డ్యూటీ నుంచి వచ్చి బూట్లు విప్పుతూ "నీకు వచ్చినంత నాన్నా" అంది. బళ్ళో హిందీ మేడం, తనకి ఆ భాష పేరు కూడా తెలియకపోయినా, ఇంపార్టెంట్ ప్రశ్నలు చూసుకోమంది. బాబాయి ఫోన్లో నవ్వాడు. "బేసిక్ లెవెలేరా. పెద్ద చదవాల్సిందేమీ లేదు. అంతా చదివితే చాలు."

అంతా చదవడం మొదలుపెట్టాను. ఆ అక్షరాలు ఎలా పలుకుతాయో చెప్పేవాళ్ళు తబూక్ మొత్తంలో నాకు దొరకలేదు. కనబడినట్టు పలుకుతూ, పక్కన తెలుగులో రాసుకుంటూ, ఇంట్లో ఈ మూల నుంచి ఆ మూలకి తిరుగుతూ చదివేవాణ్ణి. నలభై పేజీలు దాటేసరికి మొదటి ఇరవై పోయేవి. మళ్ళీ వెనక్కి. మాట్లాడే మనిషి లేని భాషతో కాపురం అంత సులువు కాదు.

అలాంటి ఒక శుక్రవారం పొద్దున్న వంటింట్లో కుళాయి కారడం మొదలైంది. నాన్న మామని పిలిచాడు. మామ అంటే మా బిల్డింగులో కుళాయిలూ కరెంటూ చూసే ఆయన, జగిత్యాల వైపు మనిషి. మొదట్లో మా గోదావరి అలవాటు కొద్దీ నేను మావయ్యా అని పిలిస్తే, "గంత పొడుగెందుకు బిడ్డా, మామ అను సాలు" అన్నాడు. మాటల విషయంలో ఆయన అంత పొదుపు.

సింకు కింద దూరి, బయటికి వచ్చి చేతులు తుడుచుకుంటూ నా కట్ట చూశాడు.

"గిదేంది? దీనికేం దెబ్బ తాకింది, పట్టీ కట్టిన్రు?"

చెప్పాను. పరీక్ష, హాస్టలు, ట్రంకు పెట్టె, అన్నీ. చెబుతుంటే ఎంత ఆపుకున్నా ఏడుపొచ్చింది. ఆయన ఓదార్చలేదు. అరిగిపోయిన చిన్న రబ్బరు బిళ్ళ ఒకటి నా చేతిలో పెట్టి, నాన్నతో "పోరన్ని దుకాణం దాక తోల్కపోత" అన్నాడు.

మెట్లు దిగుతుంటే గొంతు పట్టుకుని దగ్గాడు. "నాకు గొంతు పోయింది. నువ్వే అడుగు. అరబ్బీల తొంబైయారు మార్కులచ్చినయని మీ నాయిన జెప్పిండు గద."

వచ్చిన మాట నిజమే. మా బళ్ళో అరబ్బీ ఒక సబ్జెక్టు. నా బడి పెద్దది అనీ, ఒంటె ఎడారి జంతువు అనీ తప్పు లేకుండా రాయగలను. దుకాణంలో యెమెన్ దేశపు ముసలాయన నా వైపు చూసి గడ్డం ఎగరేశాడు. నేను నోరు తెరిచాను. నా బడి పెద్దదన్న సంగతి తప్ప ఇంకేమీ రాలేదు. ఆ బిళ్ళ పేరు ఏ పాఠంలోనూ లేదు. వెనక్కి తిరిగి చూస్తే మామ గడప మీద కూర్చుని, రోడ్డు మీద జీవితంలో ఎన్నడూ కార్లు చూడనట్టు చూస్తున్నాడు. నా వెనక ఇద్దరు పాకిస్తానీలు వచ్చి నిలబడ్డారు. పారిపోదామంటే గడపకి అడ్డంగా మామ.

చివరికి ఇంకేమీ చాతకాక బిళ్ళని పైకెత్తి, "ఇది. పేరు నాకు తెలియదు" అన్నాను అరబ్బీలో.

ముసలాయన ముఖం విప్పారింది. "జిల్దా" అన్నాడు. అర్థం కాలేదన్నాను. మళ్ళీ చెప్పమన్నాను, మెల్లగా. ఆయన నాలుగు రకాల బిళ్ళలు బల్ల మీద వరసగా పేర్చి, ఒక్కొక్కటే పేరు చెప్పి, నా చేత అనిపించాడు. వెనకున్న పాకిస్తానీల్లో ఒకతను కూడా నాతో కలిసి అన్నాడు. వచ్చేటప్పుడు ఒక ఖర్జూరం చేతిలో పెట్టి పంపాడు ఆ పెద్దాయన.

బయటికి రాగానే మామకి గొంతు బాగైపోయింది.

"ఇరవయ్యేండ్లాయె నేనీడికచ్చి. నా దగ్గర ఉన్నయి ఓ పదిహేను మాటలు. అండ్ల మూడే అసలియి. గిదేంది. నాకు తెల్వది. మల్ల జెప్పు, మెల్లగ. ఈ మూడంటే ఎవడన్న నేర్పుతడు బిడ్డా. ఎదుటోడు నీ మీద ఆశ ఇడవకుంట చూస్కోవాలె, గంతే సదువు."

ఇంటికి వచ్చాక కట్ట విప్పించి, ఆ మూడు మాటలు ఎక్కడున్నాయో వెతకమన్నాడు. మొదటి పేజీల్లో లేవు. వాతావరణం దగ్గర లేవు, వంటగదిలోని వస్తువుల దగ్గరా లేవు. నూట పన్నెండో పేజీలో ఒక మూల, తరగతి గదిలో అడిగే మాటల కింద, మూడూ ఒకే చోట ఉన్నాయి. మామ చెవి మీది పెన్సిలు తీసి, తనకి చదవడం రాని ఆ లైన్ల పక్కన, నేను వేలు పెట్టి చూపించిన చోట, మూడు గీతలు గీశాడు. ఆ పేజీని కట్టలోంచి లాగి నా జేబులో కుక్కాడు. "గిదొక్కటి మొదలు సదువు. మిగిలింది ఎంతయితె గంత" అన్నాడు.

ఆ మధ్యాహ్నం నేను చాలా రోజుల తర్వాత కడుపు నిండా తిన్నాను.

రెండు నెలలు గడిచాయేమో, ఒక సాయంత్రం మామ మళ్ళీ మా తలుపు కొట్టాడు. ఈసారి ఆయన చేతిలోనే ఒక అరబ్బీ కాగితం ఉంది. నాన్న ఇంట్లో లేడు. అమ్మ టీ పెడుతోంది. బిల్డింగు కొత్తవాళ్ళ చేతికి వెళ్ళిందట. సంతకం చేసి రేపటికి ఇమ్మన్నారట.

"నీకు సదువస్తది గద. ఏమున్నదో జదువు" అన్నాడు.

నాకు చదవడం వచ్చు; అర్థం తెలియదు. ఆయనకి వింటే కొంత అర్థమవుతుంది, చదవడం రాదు. ఇద్దరం కలిస్తే ఒక చదువుకున్న మనిషి అయ్యాం. నేను వేలు పెట్టి ఒక్కో మాటే కూడబలుక్కుంటూ పోయాను. మూడో లైనులో "ఖురూజ్ నిహాయీ" అని వచ్చింది. ఎప్పటికీ తిరిగి రాకుండా పంపేయడానికి అక్కడ అనే మాట అదని నాకప్పుడు తెలియదు.

"మల్ల జెప్పు" అన్నాడు మామ. "మెల్లగ."

చెప్పాను. మెల్లగా చెబితే మారుతుందేమోనన్నట్టు ఆయన వింటున్నాడు. మారలేదు. అమ్మ పొయ్యి ఆపేసి ఇటు వచ్చింది. ఇకామా కంపెనీ చేతిలో, కంపెనీ రంగు సర్కారు చేతిలో, కాగితం నా చేతిలో. మా ముగ్గురిలో ఎవరి చేతిలోనూ ఏమీ లేదు. మామ నా పెన్ను అడిగి తీసుకుని, సింకు పక్కన గట్టు మీద కాగితం పెట్టి, తన పేరు తెలుగులో రాశాడు. వెళ్ళేముందు కుళాయి ఒకసారి తిప్పి, కట్టి చూశాడు. కారడం లేదు. ఆ వారంలోనే ఆయన వెళ్ళిపోయాడు.

వేసవిలో మేమూ బయలుదేరాం. ఆ కట్టని నాన్న పెట్టెలో అన్నిటికంటే పైన పెట్టాడు, దిగగానే పరీక్ష అంటారేమోనని. ఐర్లండులో బడి ఆఫీసులో ఒకావిడ నా పుట్టిన తేదీ చూసి, పదకొండు దాటాక బయటి దేశం నుంచి వచ్చిన పిల్లలకి ఐరిష్ మినహాయింపు ఉంటుందనీ, నేను ఆ పరీక్ష రాయనక్కర్లేదనీ చెప్పింది. నాకు అర్థం కాక మళ్ళీ మెల్లగా చెప్పమన్నాను. మళ్ళీ అదే చెప్పింది. బాబాయి పక్కనే ఉన్నాడు. "ఈ మధ్యే మార్చినట్టున్నారు" అన్నాడు.

మార్చలేదని తర్వాత తెలిసింది. ఆయనకి తెలియదంతే. తెలియదు అని ఉంటే నేను మూడు నెలలు ట్రంకు పెట్టె మీద కూర్చుని ఉండేవాణ్ణి కాదు.

ఏళ్ళు గడిచాయి. మొన్న ఆ బాబాయి కొడుక్కే ఐరిష్ పరీక్ష వచ్చింది, బేసిక్ లెవెల్. ఐర్లండులోనే పుట్టి, చిన్నప్పటి నుంచీ చదువుతున్నా, తెలియని ప్రశ్న ఎదురైతే వాడి నోరు మూసుకుపోతుంది. ఆ ఇంట్లో తెలియదు అనడం అలవాటు లేదు మరి. బాబాయి నన్ను పిలిచి ఎంత చదవాలన్నాడు. నేను అటక మీది కట్ట దింపి, బ్యాండేజీ కూడా విప్పకుండా ఆయన చేతిలో పెట్టాను.

"బేసిక్ లెవెలే కదా బాబాయ్. అంతా చదివితే చాలు. ఇంట్లో ఎవరైనా కూర్చుని ప్రశ్నలడిగితే ఇంకా మంచిది."

ఆయన రెండు వారాలు చదివాడు. పిన్ని చెప్పింది, బస్సులో కూడా చదివేవాడట. ఆ రెండు వారాలూ నేను తమ్ముడితో మామ గురించి మాట్లాడాను. నూట పన్నెండో పేజీ నా పర్సులోంచి వాడి జేబులోకి మారింది.

నన్ను భోజనానికి పిలిచిన ఒక ఆదివారం, బాబాయి కట్ట ముందు పెట్టుకుని కొడుకుని ఐరిష్‌లో ఏదో అడిగాడు. వాడు నీళ్ళు నమల్లేదు. తండ్రి ముఖంలోకి చూస్తూ, తేటగా, మామ గీత పెట్టిన మూడో మాట అన్నాడు: మళ్ళీ చెప్పు, మెల్లగా.

బాబాయి పేజీలు తిప్పాడు. నూట పదకొండు చూశాడు, నూట పదమూడు చూశాడు. మళ్ళీ వెనక్కి తిప్పాడు.

"వీడేమన్నాడ్రా?" అని నన్నడిగాడు.

నేను కిటికీలోంచి రోడ్డు వైపు చూశాను. కార్లు వెళుతున్నాయి, చాలా బాగున్నాయి. పిన్ని గరిటెతో సహా గుమ్మంలోకి వచ్చింది. బాబాయి కళ్ళజోడు తీసి కట్ట మీద పెట్టాడు.

"నాకు తెలీదురా" అన్నాడు. "చెప్పు."

చెప్పాను. మెల్లగా, రెండుసార్లు.