నాలుగు వేళ్ళ వదులు

మా హార్మోనియం మేష్టారు పోయారని సోమవారం పొద్దున తెలిసింది. నేను బుచ్చయ్యపేట దారిలో మా తోటలో చెరుకు పడిపోకుండా జడలు కడుతున్నాను. మా నాటక సమాజంలో మృదంగం వాయించే ఆయన గట్టు మీద సైకిలు పడేసి లోపలికి వచ్చాడు. "మేస్టారు పోనారు. మద్దేనం తీసేస్తారట, బేగి రా" అన్నాడు. నాకు ముందు ఏడుపు రాలేదు. ఇక నాకు దారి లేదు అనుకున్నాను. అలా ఎందుకు అనుకున్నానో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

చోడవరం చుట్టుపక్కల పద్య నాటకాలు చూసినవాళ్ళకి ఆయన ముఖం గుర్తుండకపోవచ్చు. వేదికకి ఎడమ పక్కన, కాళ్ళ హార్మోనియం వెనక, వంగిన బట్టతల ఒక్కటే కనిపించేది. పైన చేతులు చేసే పని ఎవరైనా చూస్తారు. అసలు పని కింద ఉండేది. రెండు తొక్కుడు పలకలు, వాటి నుంచి తిత్తులకి రెండు పట్టీలు. పలక తొక్కితే పట్టీ లాగుతుంది, తిత్తి ఆడుతుంది, పెట్టె పలుకుతుంది. లోతుగా తొక్కిన కొద్దీ నిండుగా పలుకుతుంది. ఆయన కాలి వేళ్ళతో అదిమితే పెట్టె గుసగుసలాడేది. మడమ దించితే పందిరి చివర కునుకు తీస్తున్నవాళ్ళు కూడా లేచి కూర్చునేవారు.

కొత్త పెట్టెకి తోలు పట్టీలు వస్తే పీకేసి, మంచాలకి అల్లే నవారు ముక్కలు కట్టుకునేవారు. తోలు వానాకాలంలో సాగిపోతుందని ఆయన బాధ. "నవారు మనూరిది బాబూ, సెప్పినట్టు ఇంటాది" అనేవారు. వాయించే ముందు కాళ్ళు కడుక్కుని, రెండు పలకలనీ తాకి కళ్ళకద్దుకునేవారు. సరస్వతిని తొక్కి బతకడం తన ఖర్మ అనీ, తొక్కకముందే క్షమించమని అడిగేస్తే ఆవిడ ఏమీ అనుకోదనీ చెప్పేవారు. పెట్టె మీద కాఫీ గ్లాసు పెట్టినవాణ్ణి మాత్రం ఆ సరస్వతి క్షమించినా మేష్టారు క్షమించేవారు కాదు.

నేను రాజు వేషం కట్టేవాణ్ణి. పద్యం చివర రాగం ఎత్తానంటే వన్స్ మోర్ పడాల్సిందే. అదంతా నా గొంతు గొప్పే అనుకున్నాను. ఒకసారి సంతలో ఎవరో, హార్మోనియం నీ రాగాన్ని మింగేస్తోంది చూసుకో అన్నారు. ఆ పురుగు బుర్రలో దూరింది. గమనిస్తే నిజమే, నేను పై షడ్జం అందుకునే క్షణానికి సరిగ్గా ఆయన మడమ దించుతున్నారు. నా వన్స్ మోర్‌లు ఆయన కొట్టేస్తున్నారని కుళ్ళిపోయాను.

అనకాపల్లిలో ఒక మధ్యాహ్నం పద్యాల పోటీ పెట్టారు. నెగ్గినవాణ్ణి ఊరూరా తిరిగే పెద్ద కంపెనీలోకి తీసుకుంటామన్నారు. మేష్టారు కాళ్ళు కడుక్కోవడానికి వెళ్ళినప్పుడు నేను పెట్టె కింద దూరి, నవారు ముళ్ళు విప్పి, నాలుగు వేళ్ళ మేర వదులు చేసి మళ్ళీ కట్టాను. అలా కడితే ఎంత తొక్కినా సగమే పలుకుతుంది. లేచేసరికి ఆయన నిలబడి చూస్తున్నారు. అక్కడ మేమిద్దరమే. కోప్పడలేదు. "పైకెల్లినప్పుడు నీకు గాలి కావాలొస్తాది బాబూ, ఆలోసించుకో" అన్నారు. నా గాలి నాకుంది లెండి అన్నాను. ఆయన ఆ ముళ్ళు ముట్టుకోకుండా అలాగే పెట్టె ముందు కూర్చున్నారు.

నా వంతు వచ్చింది. పద్యం చివర రాగం పైకి వెళ్ళింది. గొంతు నిలువునా చీలింది. జనం నవ్వారు. ఎడమ పక్కకి చూశాను. మేష్టారు రెండు కాళ్ళతో ప్రాణం పెట్టి తొక్కుతున్నారు, వదులు పట్టీలు ఊరికే ఊగుతున్నాయి. అప్పుడు తెలిసింది. నా గొంతు అక్కడ ఎప్పటినుంచో చీలుతూనే ఉంది. ఇన్నేళ్ళూ ఆయన దాని మీద కాలితో దుప్పటి కప్పుతూ వచ్చారు. నాతో ఒక్క మాట అనలేదు.

అప్పటికైనా మనిషినైతే బాగుండును. కిందికి దిగి, ముసలాయన పట్టీలు సరిగా కట్టుకోలేదని సమాజం వాళ్ళందరి ముందూ అన్నాను. ఆయన నా వంక ఒక్కసారి చూసి, అవును, తప్పు తనదే అన్నారు. మరుసటి ఏడు పెట్టె దగ్గర ఇంకొకర్ని కూర్చోబెట్టారు. మా సమాజం వాళ్ళు ఇది చదివితే వినండి. మీరు ఆ రోజు విన్నది పచ్చి అబద్ధం.

వెళ్ళి కాళ్ళు పట్టుకుందామని రెండేళ్ళు అనుకున్నాను. బెల్లం వంటలు అయ్యాక అనుకున్నాను, నాట్లు అయ్యాక అనుకున్నాను. ఒకసారి ఆయనే బస్సు దగ్గర కనిపించి, గొంతెలా ఉంది, మిరియాలు నములుతున్నావా అని అడిగారు. బాగుందని చెప్పి బస్సెక్కేశాను. ఆ బస్సు కూడా నేనెక్కాల్సింది కాదు. ఆయన్ని చూడలేక ఎక్కాను.

సోమవారం వాళ్ళింటికి వెళ్ళేసరికి పాడె కట్టేశారు. గుమ్మంలో వాళ్ళావిడ కూర్చుని ఉంది. ఆవిడ దగ్గర కూలబడి, ఆ రోజు పట్టీలు వదులు చేసింది నేనేనమ్మా అన్నాను.

"తెల్సు బాబూ. ఇంటికొచ్చిన్రోజే సెప్పీసేరు. ఎవుల్తోనూ అనొద్దన్నారు" అంది. ఆవిడ తిట్టి ఉంటే బతికిపోయేవాణ్ణి. కళ్ళు తుడుచుకుని, "నీ గొంతంటే ఆయనకి పేనం. దార్లో ఒక్క పద్దెం సెప్పు" అంది.

దారి మధ్యలో పాడె దించినప్పుడు పద్యం ఎత్తుకున్నాను. మృదంగం లేదు, పెట్టె లేదు. పై షడ్జం దగ్గర గొంతు ఎప్పటిలాగే చీలింది. అలవాటు కొద్దీ ఎడమ పక్కకి చూశాను. తెల్లగుడ్డ చివర మేష్టారి పాదాలు బయటికి ఉన్నాయి. రెండు బొటనవేళ్ళూ కలిపి దారంతో కట్టేశారు.