ఎలుకలకు పత్యం

మా ఫార్మసీ కాలేజీ మేడమ్ పోయారని ఫోను వచ్చేసరికి నేను మజ్జిగన్నం తింటున్నాను. నిద్రలోనే పోయారట. కళ్లనీళ్లు తిరుగుతూనే నవ్వూ వచ్చింది. నాకేదో అయిందని ఇంట్లోవాళ్లు కంగారుపడ్డారు. మజ్జిగన్నం చూస్తే మేడమ్ గుర్తుకురావడం మా బ్యాచ్ అందరికీ ఉన్న జబ్బే. ఎందుకో చెబుతాను.

మేడమ్ వాళ్లమ్మగారు తణుకు దగ్గర పల్లెలో పచ్చకామెర్లకు పసరుమందు పోసేవారు. నేలఉసిరి మొక్కను వేళ్లతో సహా నూరి, మజ్జిగలో కలిపి పరగడుపున తాగించడం, ఆపైన పత్యం. ఉప్పూ నూనే బంద్, చప్పిడి మజ్జిగన్నమే గతి. తెల్లారేసరికి అరుగు నిండా జనం. ఆ మందు నిజంగా పనిచేస్తోందా, ఎవరికైనా చెడు చేస్తోందా అన్న దిగులు మేడమ్‌ను చిన్నప్పటి నుంచీ వదల్లేదు. అందుకే మా ప్రాజెక్టుకు ఆ మొక్కనే ఇచ్చారు. కాలేయం దెబ్బతిన్న ఎలుకలు రెండు జట్లు. ఒకదానికి పసరు కలిపిన మజ్జిగ, ఇంకోదానికి ఉత్త మజ్జిగ. మిగతా తిండి రెండింటికీ ఒక్కటే ఉండాలి.

ధవళేశ్వరం కాలవగట్టు మీద మాతో మాట్లాడుతూ నడుస్తూనే ఆవిడ గభాలున వంగి మొక్క పీకేవారు. హ్యాండ్‌బ్యాగులో దువ్వెన దొరికేది కాదు గానీ నేలఉసిరి ఎప్పుడూ దొరికేది. "ఆకే కదా అని అలుసు చెయ్యకండి, ఆకే కదా అని నమ్మెయ్యకండి" అనేవారు.

ఫలితాలు చూస్తే ఇంకేముంది, పండగే! పసరు తాగిన ఎలుకలు నిగనిగలాడిపోతున్నాయి. పూతరేకులు తెప్పించుకున్నాం. ఆ రోజుల్లో అమ్మగారు కూతురి దగ్గరే ఉండి, మధ్యాహ్నం క్యారేజీ తెచ్చి, మేడమ్ క్లాసు అయ్యేదాకా ఎలుకల గదిలో కూర్చునేవారు. మా సంబరం చూసి ఆవిడే గర్వంగా బయటపెట్టారు. పసరు తాగిన ఎలుకలకు రోజూ క్యారేజీలోంచి చప్పిడి మజ్జిగన్నం పెడుతున్నారట. మందు తాగని వాటికి పత్యం దేనికని వాటి జోలికి పోలేదట.

మా నోట్లో పూతరేకులు నోట్లోనే ఉండిపోయాయి.

"బాగయ్యాయి కదే, ఇంకేం కావాలి నీకు?" అన్నారు అమ్మగారు.

"నీ మందుకి బాగయ్యాయో, నీ మజ్జిగన్నానికి బాగయ్యాయో తెలియాలి కదమ్మా" అంటూ మేడమ్ పొట్ట పట్టుకుని స్టూలు మీద కూలబడి నవ్వారు. నవ్వడం అయ్యాక, చేసిందంతా పక్కన పెట్టి మళ్లీ మొదలుపెట్టమన్నారు. మేం గునిశాం. తేలింది రాయాలి గానీ తేలాలనుకున్నది కాదన్నారు.

ఈసారి అమ్మగారిని వరండాలో కూర్చోబెట్టాం. పత్యం లేని మందేంటని ఆవిడ సణుగుతూనే ఉన్నారు. పసరు కొద్దిగా మేలే చేసింది, మొదటిసారంత కాదు. మోతాదు పెంచితే మాత్రం కొన్ని ఎలుకల మూత్రపిండాలు పాడయ్యాయి. ఆ మాట తల్లికి చెప్పడానికి మేడమ్ ఎంత భయపడ్డారో నేను దగ్గరుండి చూశాను. ఎలుకలకు తేలింది మనుషులకు తేలినట్టు కాదని, కానీ ఇలా చేతి అంచనాతో పొయ్యొద్దని, డాక్టరు చూడకుండా ఎవరికీ అసలు ఇవ్వొద్దని బతిమాలారు. అమ్మగారు సంచి సర్దుకుని ఊరెళ్లిపోయారు. మేడమ్ ఆ వారమంతా మా మీద ఒక్క జోకూ వెయ్యలేదు. తల్లి మందు ఆపారో లేదో మాకు చెప్పనేలేదు, అడిగే ధైర్యం మాకూ లేకపోయింది.

మొన్న మేడమ్ పెద్దకార్యానికి అమ్మగారి ఊరు వెళ్లాను. అమ్మగారు అరుగు మీద కూర్చుని ఉన్నారు. ఏడ్చి ఏడ్చి కళ్లు వాచిపోయాయి. ఇంట్లో సంగతి తెలియని ఒకాయన, కళ్లు పచ్చబడి, పసరు కోసం వచ్చాడు. ఇవాళ కాదు వెళ్లమని ఎవరో కసరబోతే ఆవిడ చెయ్యెత్తి ఆపి, అతన్ని దగ్గరకు పిలిచారు.

"ముందు డాక్టరుకి చూపించుకుని, రక్తపరీక్ష చేయించుకుని రా నాయనా. లేకపోతే మా అమ్మాయి ఒప్పుకోదు."