ఇంటిపేరు అడగని టెంట్

కూతుర్ని వెనక్కి లాక్కొచ్చేద్దామనే బయల్దేరాను, దాచడమెందుకు? కెమిస్ట్రీ చదువుతున్న మా మేఘన 2012 వేసవిలో ఒక మ్యూజిక్ ఫెస్టివల్‌లో వాలంటీరుగా చేరింది. పిల్లలు కొనుక్కొచ్చిన మాత్రల్లో నిజంగా ఏముందో పరీక్షించి చెప్పే టెంట్‌లో పని. నా చెవికెక్కింది మాత్రం 'డ్రగ్స్' అన్న ముక్క ఒక్కటే. కాలిఫోర్నియా డబ్లిన్‌లో తలా ఒక వంటకం తెచ్చుకుని కలిసి తినే మా పాట్‌లక్ స్నేహితులకు 'ఫార్మసీ ఇంటర్న్‌షిప్' అని చెప్పుకున్నాను.

శనివారం ఉదయం ఏడింటికి పెద్ద డబ్బా నిండా పులిహోరతో కారెక్కాను. తిట్టడానికి వెళ్తున్నా వట్టి చేతులతో వెళ్ళలేను కదా. 680 హైవే మీద ఉత్తరానికి వెళ్ళి, బెనీషియా వంతెన దగ్గర ఐదు డాలర్ల టోల్ కట్టి, 80 మీద శాక్రమెంటో దాటాను. ఆబర్న్‌లో కాఫీ తాగి 49లోకి మళ్ళాను. గ్రాస్ వ్యాలీ దాటాక ఫోన్‌కి సిగ్నల్ లేదు, ప్రింట్ తీసుకున్న మ్యాపే దిక్కు. పది దాటాక చేరాను. పార్కింగ్‌కి ఇరవై డాలర్లు, అక్కడి నుంచి ఉచిత షటిల్. టెంట్ ఎక్కడని డ్రైవర్‌ని అడిగితే, ఆ పెద్దాయన నా డబ్బా వంక చూసి నవ్వాడు.

"నీళ్ళ ట్యాంకు పక్కన. బోర్డు ఉండదు. కొన్ని రాష్ట్రాల్లో ఆ టెస్ట్ కిట్ ఉండటమే నేరం, అందుకే చప్పుడు చెయ్యరు."

షటిల్ దిగి ట్యాంకు వైపు నడిచాను. టెంట్‌లో మేఘన చేతులకు గ్లవ్స్, ముందు తెల్లటి పింగాణీ పలక.

"అమ్మా! నువ్వేంటి ఇక్కడ? సరే, కూర్చో. కానీ ఎవర్నీ ఏం అడగొద్దు, ఓకే?"

పదకొండున్నరకు ఒక అమ్మాయి చిన్న ప్లాస్టిక్ సంచీతో వచ్చింది. "అబ్బ, ఏం ఎండరా దేవుడా" అని గొణుక్కుంది. తెలుగు వినగానే నా నోరు ఊరుకుంటుందా? "తెలుగువాళ్ళా అమ్మా? ఏ ఊరు? మీ ఇంటిపేరేంటి?"

ఆ పిల్ల ముఖం పాలిపోయింది. సంచీ జేబులోకి వెళ్ళింది. "ఏం లేదు ఆంటీ, ఊరికే వచ్చిన" అని వెళ్ళిపోయింది.

"తను ఇప్పుడు టెస్ట్ చేయకుండానే వేసుకుంటుంది, అమ్మా. అందుకే మేము పేర్లు అడగం," అంది మేఘన. దాని కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నేనేం చేశానో అప్పుడు తెలిసింది. ఆ మాత్రలో ఏముందో ఆ పిల్లకూ తెలియదు, దాన్ని పంపేసింది నేను.

చెప్పులు ఈడ్చుకుంటూ వెంటపడి, నిమ్మరసం బండి దగ్గర పట్టుకున్నాను.

"నీ పేరు నాకొద్దు, ఊరొద్దు. టెస్ట్ చేయించుకో తల్లీ."

"నాది ఎఫ్-వన్ స్టూడెంట్ వీసా, ఆంటీ. ఎవరికన్న తెలిస్తే నా పని ఖతం."

"నువ్వెవరో తెలిస్తే కదా ఎవరికైనా చెప్పేది. నేను టెంట్ బయటే ఉంటా."

"ఒట్టా?"

"మా అమ్మాయి మీద ఒట్టు."

వచ్చింది. నేను బయట వీపు తిప్పి కూర్చున్నాను గానీ, గుడ్డ గోడకు అన్నీ వినపడతాయి.

"నువ్వు అనుకున్నదైతే ఈ కెమికల్ డ్రాప్ పడగానే పర్పుల్, బ్లాక్ రావాలి. చూడు, ఆరెంజ్ వచ్చింది. ఇది వేరే ఏదో," అంది మేఘన. "ఇంకేం కలిపారో, ఎంత ఉందో ఈ డ్రాప్ చెప్పలేదు. పర్పుల్ వచ్చినా సేఫ్ అని నేను చెప్పను."

తిట్టలేదు, నీతులు చెప్పలేదు. ఆ పిల్ల అంది: "నా రూమ్మేట్ కాడ గిసొంటిదే ఇంకోటి ఉన్నది. ఇంకా వేసుకోలే."

"అయితే తొందరగా పిలుచుకురా."

తన మాత్రను టెంట్‌లో మాత్రలు పారేసే డబ్బాలో వేసి పరుగెత్తింది. ఇద్దరూ వచ్చారు, రెండో మాత్ర కూడా ఆ డబ్బాలోకే వెళ్ళింది. ఆ తర్వాత పులిహోర తింటూ, "ఇంగువ జర ఎక్కువైంది ఆంటీ" అని నాకే వంక పెట్టారు. పెట్టుకోనీ, ప్రాణాలతో కూర్చుని పెడుతున్నారు.

నాలుగింటికి కూతురు లేకుండానే తిరిగి బయల్దేరాను. ఇరవై ఏళ్ళ పిల్ల, నేను ప్రశ్నలతో తరిమేసిన మనిషిని ఏ ప్రశ్నా లేకుండా కాపాడింది. దాన్ని కన్నందుకు అంత గర్వం నాకెప్పుడూ కలగలేదు. మరుసటి ఆదివారం పాట్‌లక్‌లో అందరి ముందూ నిజం చెప్పేశాను: "మా మేఘన ఫెస్టివల్ టెంట్‌లో పిల్లలు తెచ్చే డ్రగ్స్ టెస్ట్ చేస్తుంది." గరిటెలు ఆగిపోయాయి. కాసేపటికి ఒకావిడ నన్ను వంటింట్లోకి లాగి, గొంతు తగ్గించి అడిగింది: "వాళ్ళు ఆ టెంట్ మళ్ళీ ఎక్కడ పెడతారండీ? పిల్లలు పేరు చెప్పాలా?"

"అక్కర్లేదండీ" అన్నాను. మీరూ వెళ్తుంటే ఒక్క మాట: ఆ టెంట్ దగ్గర మనవాళ్ళ ముఖం కనపడగానే ఇంటిపేరు అడగాలని నాలుక దురదపెడుతుంది. నోట్లో ఇంత పులిహోర ముద్ద పెట్టుకోండి.