కొయ్యకి కట్టిన తాడు

పాప తల మీద చెయ్యి పెట్టి ఒట్టు వెయ్యమంటే వెయ్యను. ఆ రాత్రి తర్వాత దాని పేరు మీద ఏ ఒట్టూ వెయ్యడానికి నాకు ధైర్యం లేదు. కానీ జరిగింది మాత్రం జరిగింది. నా కళ్ళతో చూశాను... నా చెవులతో విన్నాను. నవ్వుకునేవాళ్ళు నవ్వుకోండి. ఇలాంటివి విని నేనూ ఒకప్పుడు నవ్వినదాన్నే.

మాకో పాత తెరచాప పడవ ఉంది. ఒకప్పుడు కొబ్బరికాయలు, పెంకులు మోసిన చెక్క పడవ. మా ఆయన గల్ఫ్ నుంచి తిరిగొచ్చాక ఉన్నదంతా పెట్టి దాన్ని కొన్నారు. పర్యాటకులని ఎక్కించుకుని గోదావరి మీద తిప్పాలని ఆయన కల. అమలాపురంలో అద్దె ఇల్లు ఖాళీ చేసి, రెండేళ్ళ పాపతో సహా పడవలోకే మకాం మార్చాం. కొన్నాళ్ళే కదా అన్నారు.

ఆ కొన్నాళ్ళు అయిపోనే లేదు. పలకల సందుల్లో గుగ్గిలం పెట్టిన దూది దట్టిస్తే, పక్క సందులోంచి నీళ్ళు వచ్చేవి. అది మూస్తే చుక్కాని ఊగేది. చుక్కాని బిగిస్తే తెరచాప చిరిగేది. లంగరు తాడు కుళ్ళి తెగి, లంగరు గోదావరి అడుగున ఉండిపోయింది. ఎక్కించుకున్న పర్యాటకులు మాత్రం ఒక్కరూ లేరు.

"ఇది పడవ కాదండీ, జల్లెడ" అన్నాను ఒకరోజు.

"జల్లెడైనా మనదేనే లావణ్యా" అని నవ్వారు.

నేను నవ్వలేదు. పాప దగ్గు తగ్గడం లేదు. పక్కబట్టలు ఎప్పుడూ తడే. ఆ రోజు రాత్రే, పడవ వదిలి ఒడ్డుకి పోదామని గట్టిగా అడిగేశాను. చివరికి ఆయన మాట ఇచ్చారు. వైనతేయ పాయలో ఈ ఒక్క ప్రయాణం చేసి చూద్దామన్నారు. ఇదీ కుదరకపోతే పడవని కలపకి అమ్మేసి, ఒడ్డు మీద ఒక గది అద్దెకి తీసుకుందామన్నారు. కలప కొనే ఆయనతో నా ఎదుటే ఫోన్లో మాట్లాడారు కూడా. సిగ్గు లేకుండా చెబుతున్నాను... ఈ ప్రయాణం చెడిపోవాలని నేను మొక్కుకున్నాను.

చెడిపోయింది.

మధ్యాహ్నం, పడవకి మేం బిగించుకున్న ఇంజను కింద పంకాని తిప్పే ఇనప కడ్డీ విరిగింది. సాయంత్రానికి గాలి పడిపోయింది. చాప కొయ్యకి తడిబట్టలా వేలాడింది. నీళ్ళు తోడే పంపు కూడా ఆగిపోయింది. అటూ ఇటూ మడ చెట్లు, బురద... ఇల్లన్నది లేదు. ఉన్న ఒక్క తాడుతో పడవ ముక్కుని ఒక లావుపాటి మడ చెట్టుకి కట్టారు మా ఆయన. అప్పుడే చిన్న దోనె మీద చేపలవాడు ఒకతను వచ్చాడు. దోనెలో ఇంకొక్కరికే చోటు.

"ఆయ్, రండి, రోడ్డు దాకా దింపేస్తానండి. అమ్మగారూ పాపగారూ పడవలోనే ఉంటారాండి?" అన్నాడు.

ఎవరో ఒకరు నీళ్ళు తోడుతూ ఉండకపోతే పడవ మునుగుతుంది. అందుకే నేను ఉండాల్సి వచ్చింది.

"కడ్డీ అతికించుకుని అన్నం వేళకి వచ్చేస్తాను. భయపడకు" అన్నారు ఆయన.

అన్నం వేళ దాటిపోయింది. ఆయన రాలేదు. నా ఫోన్లో చార్జింగ్ అయిపోయింది. మంచు దిగింది... ముందు నీళ్ళ మీద, తర్వాత చెట్ల మీద. చివరికి ఎదుటి ఒడ్డున సెల్ టవర్ ఎర్ర దీపం ఒక్కటే మిగిలింది. మంచుకి పైన, గాల్లో వేలాడుతున్నట్టు.

నేను తోడుతూనే ఉన్నాను. ముంచడం... ఎత్తడం... పారబోయడం. పాప దుప్పట్లో ముడుచుకుని పడుకుంది. అప్పుడప్పుడు దగ్గుతోంది. దగ్గు ఆగితే వెళ్ళి ముక్కు దగ్గర వేలు పెట్టి చూస్తున్నాను.

ఒకసారి బకెట్ దించి తలెత్తాను. ఎర్ర దీపం మాకు సరిగ్గా ఎదురుగా ఉండాలి. లేదు. ఎగువ వైపుకి జరిగింది. చూస్తూ ఉండగానే ఇంకా జరిగింది...

దీపం ఎందుకు జరుగుతుంది? జరుగుతున్నది మేము.

ముక్కు దగ్గరికి పరిగెత్తి తాడు లాగాను. తేలిగ్గా వచ్చేసింది. తడిగా, బరువు లేకుండా... చివర పీచు పీచుగా. తెగిపోయింది. పోటు తగ్గి పాటు మొదలై, నీళ్ళన్నీ సముద్రం వైపు తీస్తున్నాయి. వాటితో పాటే మేమూ పోతున్నాం. కింద మొగ. ఏరు సముద్రంలో కలిసే ఆ మొగ దాటితే ఇంక సముద్రమే. లంగరు లేదు. ఇంజను లేదు. పడవ నిండా నీళ్ళు. దుప్పట్లో పాప.

అరిచాను. ఎవరెవరినో పిలిచాను. మంచు నా గొంతుని దూదిలా పీల్చేసుకుంది. కాసేపటికి అరవడం కూడా మానేశాను. పాపని గట్టిగా పట్టుకుని కూలబడ్డాను. మొక్కు తీరింది కదా అనుకున్నాను... పడవ వదిలిపోతోంది, మమ్మల్నీ తీసుకుని.

అప్పుడు...

పడవ ఒక్క కుదుపుతో ఆగింది.

ఇసుక మేట ఏమో అనుకున్నాను. కాదు. కింద నీళ్ళు పారుతూనే ఉన్నాయి, పలకలకి రాసుకుంటూ. పడవ మాత్రం ఆగింది. నా తల పైన ఒక చప్పుడు... కిర్రు.

మళ్ళీ... కిర్రు.

బరువు పడితే తాడు చేసే చప్పుడది. టార్చి వేశాను. నేను ముక్కు దగ్గర పడేసిన తాడు అక్కడ లేదు. వెలుగు పైకి జరిపాను. చాప వేలాడే పెద్ద కొయ్యకి, నా చెయ్యి అందనంత ఎత్తున, తాడు కట్టి ఉంది. అక్కడి నుంచి బిగుతుగా, ఏటవాలుగా మంచులోకి పోయింది. ఒడ్డు ఉండాల్సిన వైపుకి.

ఎర్ర దీపం వెనక్కి వస్తోంది. పడవ కదులుతోంది... ఎగువకి. పాటుకి ఎదురు. మనిషి నడిచేంత మెల్లగా.

చెవులు రిక్కించాను. తాడు పోయిన వైపు నుంచి ఇంకో చప్పుడు. పచక్... పచక్... పచక్... బురదలో దిగబడిన కాలు పైకి తీస్తే వచ్చే చప్పుడు. ఒక కాలు కాదు. ఒకరు కాదు. అడుగు పడినప్పుడల్లా పైన తాడు... కిర్రు.

మా ఆయన మనుషులని తీసుకొచ్చారేమో! ఎంత ఆశ పుట్టిందో చెప్పలేను.

"ఏవండీ... మీరేనా?" అని పిలిచాను.

అడుగులు ఆగాయి. తాడు వదులైంది. ఎంతసేపో తెలియదు... నీళ్ళ చప్పుడు తప్ప ఏమీ లేదు.

అప్పుడు మంచులోంచి, చాలా అలసిపోయిన గొంతు.

"ఆయ్..."

దాని వెనక, కాస్త దూరంలో ఇంకొకటి.

"ఆయ్..."

ఇంకా వెనక... ఇంకొకటి.

మళ్ళీ తాడు బిగిసింది.

మా ఆయన నాతో ఎప్పుడూ ఆయ్ అనరు. ఈ ఊళ్ళల్లో ఏ మొగుడూ పెళ్ళాంతో అలా అనడు. అది యజమానులతో పనివాళ్ళు అనే మాట. టార్చి ఆర్పేశాను. వాళ్ళని చూడాలని లేదు. పాప చెవులు మూసి, కళ్ళు మూసుకుని పడుకున్నాను. నీళ్ళు తోడడానికి కూడా లేవలేదు, అయినా పడవ మునగలేదు. తెల్లవారేదాకా కిర్రు... కిర్రు...

వెలుగొచ్చేసరికి పడవ ఒక పాడుబడ్డ రేవులో ఉంది. మెట్లు సగం కూలిపోయి ఉన్నాయి. పై మెట్టు మీద ఒక ముసలాయన వేపపుల్ల నములుతూ మమ్మల్ని చూస్తున్నాడు.

"ఏ ఊరమ్మా మీది? గాలి లేదు, ఇంజను చప్పుడు లేదు. పాటులో ఎగువకి ఎలా వచ్చేరండి?"

ఆయన చూపు కొయ్య మీదకి పోయింది. పుల్ల నమలడం ఆపేశాడు.

"తాడు కొయ్యకి ఎవరు కట్టేరండి?"

"ఎందుకండీ?"

"ఇప్పుడెవరూ అలా కట్టరమ్మా. గాలి పడిపోతే కళాసీలు, అదే పడవ పనోళ్ళు, గట్టున నడుస్తా పడవని లాగేవోరు. మా నాన్నా లాగేడు. తాడు పొదలకి తగలకుండా కొయ్య పైన కట్టేవోరండి."

"గట్టు మీదా? ఆ గట్టు..." అంటూ వెనక్కి తిరిగి చూశాను.

రాత్రంతా అడుగులు వినిపించిన వైపు చూశాను. గట్టు లేదు. బురద కూడా లేదు. చాలా దూరం దాకా నీళ్ళే.

"ఇంకెక్కడి గట్టమ్మా" అన్నాడు ముసలాయన. "గోదారి ఎప్పుడో కోసేసింది."

మా ఆయన ఒడ్డు వెంట వెతుక్కుంటూ పొద్దెక్కాక వచ్చారు. పాత కడ్డీ అతికేదాకా వర్క్‌షాపులోనే ఉన్నారట, తర్వాత మంచులో దోనె దొరకలేదట. పాపని ఎత్తుకుని ఏడ్చారు. పోటుకి వచ్చి ఉంటారన్నారు. పోటు కాదు, పాటు అని ముసలాయన చెప్పాడు. అయితే తాడు నువ్వే కట్టి ఉంటావు, భయంలో గుర్తులేదన్నారు. అంత ఎత్తున ఎలా కడతానన్నాను. ఆయన వెళ్ళి కొయ్య మీద చెయ్యి వేసి నిలబడ్డారు.

"చూశావా లావణ్యా, మిమ్మల్ని ఎలా కాపాడిందో. దీన్ని కలపకి ఎలా అమ్ముతానే?"

కలప కొనే ఆయనకి నా ఎదుటే ఫోన్ చేసి రావద్దన్నారు.

అప్పటి నుంచి ఈ రేవులోనే ఉన్నాం. కడ్డీ వేస్తే ఇంజను కదల్లేదు. ఇంజను కదిలాక అడుగు పలక చీలింది. ఆయన దట్టిస్తూనే ఉన్నారు, నేను తోడుతూనే ఉన్నాను. పాప ఇంకా దగ్గుతోంది.

అది గాలికి ఊగిన తాడేమో. ఏదో నీటిపక్షి కూతేమో. కానీ ఏ పక్షి ఆయ్ అంటుంది? ఒకటి తర్వాత ఒకటి, వరసగా? వాళ్ళెవరైనా, ఆ రాత్రి పట్టుకోకపోతే నా బిడ్డ సముద్రంలో ఉండేది. రోజూ దణ్ణం పెట్టుకుందామని చేతులు ఎత్తుతాను. కలవవు. మమ్మల్ని కాపాడారో, పడవని కాపాడుకున్నారో నాకు తెలియదు.

ఇది రాస్తూ మధ్యమధ్యలో టార్చి వేసి కొయ్య మీద చూస్తున్నాను. ఆ ముడి విప్పడానికి మా ఆయన ఒప్పుకోలేదు. తాడు వదులుగానే ఉంది. ఆ రాత్రి తర్వాత ఒక్కసారి కూడా బిగియలేదు.

ఇంక లాగాల్సిన పని లేదేమో... తేవాల్సిన చోటికి తెచ్చేశారేమో.