లెక్కల గంటలో చెంపదెబ్బ

నాకు ఒకచోట కుదురుగా కూర్చునే అలవాటు ఎప్పుడూ లేదు, నోరు అదుపులో పెట్టుకునే అలవాటు అంతకంటే లేదు. కడపలో టీచరు ట్రైనింగు ముగించుకొని ఆలూరు అవతల ఒక పల్లెకు ఏకైక అయ్యవారుగా వెళ్ళేనాటికి నాకు ఇరవై రెండేళ్ళు. కర్నూలు రాజధాని అయిన కొత్త. ఆ ఊళ్ళో మీదివీధి, కిందివీధి అని రెండు పార్టీలు. నేను చేరడానికి ముందు ఏడాదే ఆ కక్షల్లో ఒక మనిషి ప్రాణం పోయింది. పెద్దవాళ్ళు ఒకరి గడప ఒకరు తొక్కరు. పిల్లలు మాత్రం బడిలో ఉన్న ఒక్క గదిలోనే చెరో గోడకు ఆనుకొని కూర్చునేవారు.

చూస్తూ ఊరుకోవడం నా వల్ల కాలేదు. అందరినీ కలిపి కూర్చోబెట్టాను. ఇద్దరికి ఒక పలక చొప్పున ఇచ్చాను. గొడవలకు ఒక పద్ధతి పెట్టాను. కొట్టుకున్నవాళ్ళలో ఎవడూ తన గోడు ముందు చెప్పుకోకూడదు, అవతలివాడి గోడు ముందు చెప్పాలి. అది విని అవతలివాడు "అవును, అంతే" అన్నాకే వీడి వంతు.

"వాని గోడు నాకెట్ల తెలుస్తాది అయ్యవారూ?" అని ఒకడు అడిగాడు.

"అడిగి తెలుసుకో" అన్నాను.

రెండు నెలలకు రాళ్ళు విసురుకోవడం తగ్గింది. నాకు గర్వం తలకెక్కింది. ఆలూరు సంతలో కలిసిన తోటి అయ్యవార్ల దగ్గర ఆ ఊరిని నేనే బాగుచేస్తున్నట్టు కోతలు కోశాను.

లెక్కల గంట మాత్రం పాత పద్ధతిలోనే నడిచేది. నోటిలెక్క అడిగితే రానివాళ్ళు నిలబడాలి. వచ్చినవాడు ఒక్కొక్కరి ముక్కు పట్టుకొని చెంప మీద కొట్టాలి. నేను చదివిన బడిలోనూ అంతే. అందులో తప్పుందని నాకు తోచనే లేదు.

ఆ రోజు జవాబు చెప్పింది కిందివీధి కూలివాళ్ళ పిల్లవాడు. రాక నిలబడింది మీదివీధి పెద్దమనిషి కొడుకు. ఇద్దరూ ఒకే పలక మీద రాసుకునేవాళ్ళు. కిందివీధివాడు ముక్కు పట్టుకొని చెంపను తాకీ తాకనట్టు తట్టాడు. నాకు ఒళ్ళు మండింది.

"ఏమిరా, ఈగను తోల్తాండావా? గట్టిగ కొట్టు" అన్నాను.

కొట్టాడు. గోరు గీసుకొని చెంప మీద రక్తం వచ్చింది. దెబ్బ తిన్నవాడు ఏడవలేదు, కొట్టినవాడే బిక్కముఖం పెట్టాడు.

మధ్యాహ్నం అన్నానికి వెళ్ళిన మీదివీధి పిల్లలు ఒక్కరూ తిరిగి రాలేదు. నాకు కాలు నిలవలేదు. వాకిట్లోకి వస్తాను, వీధి చివరి దాకా చూస్తాను, లోపలికి వెళ్ళి బోర్డు మీద రాసిందే మళ్ళీ రాస్తాను. కూలివాని కొడుకు చెయ్యి పెద్దమనిషి కొడుకు మీద పడిందన్న మాట చాలు, ఆ ఊరు మళ్ళీ రగలడానికి. కిందివీధి పిల్లవాడిని ఇంటికి పంపితే దారిలో ఏమవుతుందో, ఉంచుకుంటే ఇక్కడేమవుతుందో అంతుపట్టలేదు.

పొద్దు వాలేసరికి పెద్దమనిషి తన కొడుకు చెయ్యి పట్టుకొని వచ్చాడు, వెనక నలుగురు కట్టెలతో. ఎదురుగా కిందివీధివాళ్ళు పోగయ్యారు. వాళ్ళ చేతుల్లోనూ కట్టెలున్నాయి. కొట్టిన పిల్లవాడు నా వెనక నిలబడి నా పంచె పట్టుకున్నాడు.

"ఏమయ్యవారా, నా కొడుకును కొట్టినోడు యాడ?"

"ఏందో పిల్లోల్ల గొడవప్పా, వదిలేయి" అన్నాను. అబద్ధం ఎంత సులువుగా వచ్చిందో తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకు అసహ్యం వేస్తుంది.

పెద్దమనిషి తన కొడుకు వైపు తిరిగి "నువ్వు చెప్పురా" అన్నాడు.

వాడు బడిలో నిలబడినట్టే చేతులు కట్టుకొని నిలబడ్డాడు.

"వానికి నన్ను కొట్టాలని లేదు నాయినా. మెల్లగనే కొట్టినాడు. అయ్యవారే గట్టిగ కొట్టమన్న్యాడు."

నా వెనక నుంచి సన్నగా "అవును, అంతే" అని వినిపించింది.

నలుగురూ కట్టెలు కిందికి దించారు గానీ, చూపులు నా మీది నుంచి తిప్పలేదు. పెద్దమనిషి దగ్గరికి వచ్చి "నిజమేనా?" అన్నాడు. నిజమేనన్నాను. తప్పు నాదేనన్నాను. ఆ మాట ఆయనతో అన్నాను, తర్వాత పిల్లవాళ్ళిద్దరితోనూ అన్నాను.

"రేపు పంపుతా వీన్ని" అన్నాడు ఆయన. "మళ్ళా వీని చెంపన రక్తం కనపడిందంటే కిందివీధికి పోను. నీకాడికే వస్తా."

"సరేనప్పా" అన్నాను.

మరునాడు లెక్కల గంటలో నోటిలెక్క అడిగి, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక చంకల్లో దోపుకున్నాను. ముగ్గురు లేచి నిలబడ్డారు. అందులో వాడూ ఉన్నాడు, చెంప మీద పక్కు కట్టిన గీతతో.

"కూర్చోండి" అన్నాను.

ముగ్గురూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఎవరూ కూర్చోలేదు. దెబ్బ పడకుండా కూర్చోవచ్చని వాళ్ళకు తెలియదు.