ఇద్దరు వీరులు ముందు ఎందుకు కొట్టుకుంటారు?

మొన్న మా ఆఫీసులో ఎవరో పాత వీడియో గేమ్ పెట్టె ఒకటి తెచ్చి బల్ల మీద విప్పారు. లోపల తెగిన వైరుకు సోల్డరింగ్ చేస్తుంటే పేస్టు కాలి సన్నగా పొగ లేచింది. మిగతావాళ్ళు ముక్కు మూసుకుని కిటికీలు తెరిచారు. నేను మాత్రం కుర్చీ దగ్గరికి జరుపుకుని కూర్చున్నాను. హైదరాబాదులో వీడియో గేములకు కథలు రాయడం నా ఉద్యోగం. ఇలాంటి ఉద్యోగం ఒకటి ఉంటుందని తెలియకముందే నాకు ఆ పని నేర్పిన మనిషి చొక్కాకు ఎప్పుడూ ఈ వాసనే ఉండేది. ఆయన పేరు ఐలయ్య. దమ్మపేటలో మా ఇంటి పక్క గదిలో రేడియోలు, టీవీలు బాగుచేసేవాడు. మా అమ్మ పుట్టిన ఊరివాడు, ఆమెకు వరసకు అన్న, అందుకని నాకు మామ. రెండేళ్ళ కిందట పోయాడు. ఆయన గురించి రాయమని నన్నెవరూ అడగలేదు కానీ, ఆ పొగ పీల్చాక రాయకుండా ఉండలేకపోతున్నాను.

వస్తువు పనిచేస్తే చాలు అనుకునే మనిషి కాదు ఐలయ్య మామ. ఎందుకు పనిచేస్తోందో తెలిస్తే తప్ప ఆయనకు అన్నం సహించదు. బాగుచేసిన టీవీని కూడా వెంటనే ఇచ్చేవాడు కాదు. "బొమ్మ మంచిగనే వస్తుంది గద ఐలయ్యా, ఇచ్చెయ్యరాదు?" అని జనం విసుక్కుంటే, "వస్తుంది గని, ఎందుకు పోయిందో నాకు సమజ్ కాలే. ఒక్క పూట ఉండనియ్యి" అని బతిమాలేవాడు. అలా ఉంటే వ్యాపారం ఎలా సాగుతుందని మా అమ్మ రోజూ తిట్టేది. ఆయన నవ్వి, ఆ టీవీనే మళ్ళీ విప్పేవాడు.

నేను ఏడో తరగతిలో ఉండగా, రోడ్డు పనుల మీద మా ఊరు వచ్చిన ఒక ఇంజినీరు కుటుంబం టీవీకి తగిలించి ఆడే గేమ్ పెట్టెను ఆయన దగ్గర రిపేరుకు ఇచ్చింది. అది బాగయ్యేలోపు వాళ్ళకు బదిలీ వచ్చింది. మీరే ఉంచుకోండి అని చెప్పి వెళ్ళిపోయారు. దాంతోపాటు ఒకే ఒక క్యాసెట్. ఆ ఆటలో రెండు లోకాలు ఉండేవి. ఒక లోకంలో వీపున గుడ్డ కట్టుకుని ఎగిరే వీరులు, ఇంకో లోకంలో తలకు పట్టీ చుట్టుకుని పిడికిళ్ళతో కొట్లాడే వీధి వీరులు. ఆకాశం ఎక్కడో చిరిగి రెండు లోకాలూ కలిసిపోతాయి. మొదటి అంకంలో ఒక వంతెన మీద ఎగిరే వీరుడూ వీధి వీరుడూ ఎదురుపడి, పడీ పడగానే కొట్టుకుంటారు. ఒకడి బలం చూపించే గీత ఖాళీ కాగానే ఇంగ్లీషు మాటలతో ఒక తెర వస్తుంది. ఆ ఇంగ్లీషు మాకెందుకని బటన్ నొక్కి దాటేసేవాళ్ళం. రెండో అంకం మొదలయ్యేసరికి ఇద్దరూ పక్కపక్కన నిలబడి ఉంటారు. ఇక చివరిదాకా ఒకటే జట్టు.

నేను ఆడేదాన్ని, మామ ప్రశ్నలు వేసేవాడు. దారిలో ఉన్న చెక్కపెట్టెను పగలగొడితే అందులోంచి వేయించిన కోడి వచ్చేది. తింటే బలం గీత నిండేది. "రోడ్డు మీద చెక్కపెట్టెల కోడి ఎవడు పెట్టిండే రజితా?" అన్నాడు మామ. ఆటలో అంతే మామా అన్నాను. "అంతే అనేది జవాబు గాదు బిడ్డా. ఎవడో ఒకడు కూసుని, గీడ కోడి ఉండాలె అని పెట్టిండు. ఎందుకు పెట్టిండో చెప్పు." నేను నాలుగు రోజులు పెట్టెలన్నీ లెక్కపెట్టి చూశాను. ప్రతి పెద్ద విలన్‌కూ ముందు ఒక కోడి ఉంది. అది చెప్పగానే ఆయన మొహం వెలిగిపోయింది. "అవ్ మల్ల! కొట్లాటకు పోయేముందు మనకు అన్నం పెట్టి పంపుతుండు. మంచోడే." ఆ ఆట తయారుచేసిన, ఏ దేశమో తెలియని మనిషి మీద ఆయనకు ఆ రోజు నుంచి అభిమానం పుట్టింది.

ఎర్ర చొక్కా రౌడీలే కొన్ని అంకాల తరవాత నీలం చొక్కాలతో, రెండింతల బలంతో వచ్చేవాళ్ళు. వీళ్ళు వాళ్ళ అన్నలు కావచ్చు అన్నాను నేను. మామ క్యాసెట్ విప్పి లోపలి చిప్పును చూపించాడు. "గింతే ఉన్నది జాగ. కొత్త బొమ్మలు పట్టక పాతోళ్ళకే రంగేసి పంపిండ్రు." పదిహేనేళ్ళ తరవాత ఉద్యోగంలో చేరిన మొదటి వారంలో ఇదే సంగతి మాకు పెద్ద పాఠంలా చెప్పారు. నేను వెనక బెంచీలో కూర్చుని నవ్వుకున్నాను. ఒక్క ప్రశ్నకు మాత్రం మామకు తృప్తికరమైన జవాబు దొరకలేదు. "ఇద్దరు మంచోళ్ళే గద, ముందుగల ఎందుకు కొట్టుకుంటున్నరు?" "కొట్టుకుంటేనే దోస్తులైతరు మామా" అన్నాను ధీమాగా. ఆయన తల అడ్డంగా ఊపాడు. ఇంతలో ఎవరో టీవీ మోసుకుని వచ్చారు, ఆ మాట అక్కడితో ఆగిపోయింది. నేను మాత్రం నా జవాబునే ఖాయం చేసుకున్నాను.

ఆ ఏడాది సగంలో మా క్లాసులోకి ముత్తమ్మ వచ్చింది. ములకలపల్లి అవతల అడవిలో ఉన్న చిన్న గూడెం వాళ్ళది. ఇంట్లో కోయ మాట, బడిలో తెలుగు. అందుకని ఏది మాట్లాడాలన్నా ముందు కాసేపు ఆగేది. హాస్టల్లో ఉండేది. పక్షి కూత వింటే అది ఏ పక్షో, ఏ చెట్టు మీద ఉందో తల ఎత్తకుండా చెప్పేది. నాకు ఆ అమ్మాయితో స్నేహం చేయాలని ఎంత ఉండేదో! ఎలా మొదలుపెట్టాలో మాత్రం తెలియలేదు. తెలియక, నాకు తెలిసిన ఒకే ఒక పద్ధతిలో మొదలుపెట్టాను.

మధ్యాహ్నం నల్లా దగ్గర పళ్ళెం కడుక్కోవడానికి వరసలో నిలబడి ఉంది. వెళ్ళి భుజంతో గట్టిగా తోశాను. కొట్లాటకు ఒక కారణం ఉండాలి కదా అని, "ఏంది, లైన్ల నడిమిట్ల జొర్రినవ్?" అని అరిచాను కూడా. ముత్తమ్మ సిమెంటు గట్టు మీద పడింది. మోచెయ్యి చీరుకుపోయి రక్తం కారింది. ఆడపిల్లలందరూ నవ్వారు. ఒకరు ఆమె మాటతీరును వెక్కిరించారు. నేను పిడికిళ్ళు బిగించి, ఆమె లేచి నన్ను కొడుతుందని ఎదురుచూస్తూ నిలబడ్డాను. ఆమె కొట్టలేదు. పళ్ళెం తీసుకుని, నావైపు ఒకసారి చూసి వెళ్ళిపోయింది. రెండో రోజుకు హాస్టల్లో ఆమె పెట్టె లేదు. వాళ్ళ అమ్మ వచ్చి తీసుకెళ్ళిందట, మిరపకాయ ఏరడానికి తనతో తీసుకుపోతుందట, ఇక చదువు మానేసినట్టే అని వార్డెన్ మేడం చెప్పింది.

ఒక మనిషి చదువును నా భుజంతో తోసేశానని అర్థమవుతూనే ఉంది. బడి వదలగానే మామ దగ్గరికి వెళ్ళి, ఏడుస్తూ అంతా చెప్పేశాను. తిడతాడనుకున్నాను. ఆయన చేతిలోని రేడియో పక్కన పెట్టి, గేమ్ పెట్టెను టీవీకి తగిలించాడు. "ఆ వంతెన మీది కొట్లాట మళ్ళ ఒక్కసారి ఆడు" అన్నాడు. ఆడాను. ఒకడు పడిపోయాడు, ఇంగ్లీషు తెర వచ్చింది, నా బొటనవేలు అలవాటుగా బటన్ మీదికి పోయింది. మామ నా మణికట్టు పట్టుకున్నాడు. "ఆగు. గిది ఏందో ఎన్నడన్న సదివినమా?"

చదవలేదు. డిక్షనరీ తెచ్చుకుని, మాట మాటా వెతుక్కుంటూ చదివితే ఆ నాలుగు వాక్యాలకు గంట పట్టింది. గెలిచినవాడు ముందు మాట్లాడుతున్నాడు: తప్పు నాది, నువ్వెవరో అడగకుండానే కొట్టాను. ఓడినవాడు వెంటనే జవాబివ్వడు, వాడి బొమ్మ పక్కన మూడు చుక్కలు మాత్రమే ఉంటాయి. తరవాత అంటాడు: అడిగి ఉంటే చెప్పేవాణ్ణి. అప్పుడు ఇద్దరి గీతలూ మళ్ళీ నిండుతాయి. "ఇన్ని దినాలు అసలు సంగతి మీదికెల్లి దుంకుకుంట పోయినం బిడ్డా" అన్నాడు మామ. ఆయన గొంతులో కోపం లేదు. ఎక్కడ తీగ తెగిందో దొరికినప్పుడు ఎలా మాట్లాడతాడో అలాగే మాట్లాడాడు.

ఆదివారం పొద్దున్నే నన్ను మోపెడ్ వెనక కూర్చోబెట్టుకుని ముత్తమ్మ వాళ్ళ గూడేనికి బయలుదేరాడు. ములకలపల్లి దాటాక మట్టిబాట, రెండు పక్కలా టేకు. ముత్తమ్మ ఇంటి ముందు కూర్చుని ఉంది. మోచేతికి పసుపు పెట్టి గుడ్డ కట్టారు. వాళ్ళ అమ్మ చేట పక్కన పెట్టి మమ్మల్ని చూసిందే కానీ కూర్చోమనలేదు. దారంతా వల్లించుకున్న మాటలు గబగబా అప్పజెప్పాను. ముత్తమ్మ కాసేపు ఆగింది. "ఎందుకు నూకినవ్?" అంది. ఆట గురించి, వంతెన గురించి, ఇద్దరు వీరుల గురించి చెప్పాను. చెబుతుంటే నాకే సిగ్గేసింది. ఆమె మాత్రం శ్రద్ధగా విన్నది.

"నేను తిరిగి కొట్టలేదు గద. మరి ఆట ఎట్ల నడుస్తది?"

నేను మామ వైపు చూశాను. ఆయన కళ్ళు పెద్దవి చేసి, "మంచిగ అడిగినవ్ బిడ్డా. నాకు తెల్వది" అన్నాడు. తరవాత వంగి, ఆమెను ఇంకో మాట అడిగాడు. "మళ్ళ బడికి రావాలంటె ఏం కావాలె నీకు?"

ఆ మాట అప్పటిదాకా ఆమెను ఎవరూ అడిగినట్టు లేదు. ఈసారి ఇంకా ఎక్కువసేపు ఆగింది. "నేను పడ్డప్పుడు అందరు సూసిండ్రు. అందరు నవ్విండ్రు. ఈమె ఈడికొచ్చి చెప్తె వాళ్ళకు ఎట్ల ఇనబడ్తది?" అంది. వాళ్ళ అమ్మ కోయలో ఏదో అడిగింది, ముత్తమ్మ ఏదో చెప్పింది. వస్తామనీ అనలేదు, రామనీ అనలేదు. తిరుగుదారిలో "వాళ్ళు వస్తరా మామా?" అని అడిగాను. "నాకేం తెల్సు? నువ్వు చెప్పేది మాత్రం చెప్పు" అన్నాడు.

మర్నాడు ప్రార్థన జరుగుతుండగా గేటు దగ్గర వాళ్ళిద్దరూ కనిపించారు. తల్లి నెత్తిన రేకుపెట్టె ఉంది. లోపలికి రాలేదు. హెడ్మాస్టరు అనుమతి అడిగి నేను ముందుకు వెళ్ళి నిలబడ్డాను. "నల్లా కాడ ముత్తమ్మ లైన్ల నడిమిట్ల జొర్రలే. నేను అబద్ధం చెప్పిన. నేనే కావాలని నూకిన. ఆమె తప్పేం లేదు" అన్నాను. ఎవరూ నవ్వలేదు. కొందరు తలలు దించుకున్నారు. నేను గేటు వైపే చూస్తున్నాను. ముత్తమ్మ తన తల్లికి ఏదో చెప్పింది. తల్లి రెండు చేతులూ ఎత్తి పెట్టెను నేల మీదికి దింపింది. అంత సంతోషం నాకు మళ్ళీ ఏ బహుమతికీ కలగలేదు.

ఆట తెరలోలాగా మేము ఆ క్షణమే స్నేహితులం కాలేదు. ఎండాకాలం సెలవులు దాటాక ఒక రోజు ఆమె మామ షాపుకు వచ్చి, ఆ ఆట చూపించమంది. వంతెన మీద తన వీరుణ్ణి ఊరికే నిలబెట్టింది. రెండోవాణ్ణి ఆడిస్తున్న నేనూ కొట్టలేదు. తెర మీది గడియారం సున్నా దాకా వచ్చి కొట్లాట మళ్ళీ మొదటికి వచ్చింది. మళ్ళీ నిలబడ్డాం, మళ్ళీ మొదటికే. మామ ఆనందంతో తొడ కొట్టుకున్నాడు. "కొట్టకుంట పోయే తోవ పెట్టుడే మర్చిపోయిండు వాడు!" ఆ తోవ ఎలా ఉంటుందో ముగ్గురం సాయంత్రం దాకా ఊహించాం. ఇప్పుడు నేను రాసే ప్రతి కథలో అలాంటి తోవ ఒకటి పెట్టాలని చూస్తాను. చాలాసార్లు కుదరదు, ఆడేవాళ్ళకు విసుగంటారు. ఎందుకు కుదరలేదో తెలిసేదాకా ఆ కాగితాన్ని ఒక పూట ఉంచుకుంటాను.

ముత్తమ్మ ఇప్పుడు ములకలపల్లి వైపే ఒక బడిలో టీచరు. మామ పోయిన రోజు ఆయన షాపు గడప మీద ఇద్దరం కూర్చుని ఏడ్చాం. ఆదివారాలు ఫోన్ చేస్తుంది. ఏదైనా ముఖ్యమైన మాట చెప్పాలంటే ఇప్పటికీ ముందు కాసేపు ఆగుతుంది. నాకు నోరు ఊరుకోదని మా ఇంట్లో అందరికీ తెలుసు. ఆమె ఆగినంతసేపూ మాత్రం నేను ఒక్క మాట మాట్లాడను.