మా నాయన చెబితేనే కదిలే బస్సు

మా చిన్నప్పుడు... మదనపల్లె బస్టాండులో మా నాయన గొంతు వినబడితే చాలు, జనం మూటాముల్లెలతో పరుగెత్తుకొచ్చేవారు. "పుంగనూరు, పలమనేరు, కుప్పం... రావాల రావాల!" కండక్టరండీ మా నాయన.

సెలవుల్లో సద్ది క్యారియరుతో పాటు నన్నూ ఎక్కించుకునేవాడు. పుంగనూరు దారి మలుపుల్లో అందరం కడ్డీలు పట్టుకుని వేలాడుతుంటే, ఆయన ఏ ఆసరా లేకుండా నిలబడి టికెట్లు చింపేవాడు. "రైట్... రైట్!" అంటే అంత పెద్ద బస్సూ కదిలేది. నాకెంత పొగరో అప్పట్లో...

ఇప్పుడాయనకు పార్కిన్సన్స్. చెయ్యి వణుకుతుంది, గొంతు సన్నబడింది. నడుస్తూ నడుస్తూ పాదాలు నేలకు అతుక్కుపోతాయి. మొదట్లో తెలియక చెయ్యి పట్టి లాగేదాన్ని. "లాగొద్దమ్మా, పడిపోతారు. ఆగి, ఒకటి రెండు అని లెక్క చెప్పండి" అన్నారు డాక్టరు. వీధిలో ఎవరో తాగుబోతు అన్నారని, ఆరు నెలలు గడప దాటలేదు మా నాయన.

మొన్న కుప్పంలో, ఒకప్పుడు ఆయన బస్సు నడిపిన డ్రైవరు మనవరాలి పెళ్లి. పోవాల్సిందేనని పట్టుబట్టాడు. తీరా బస్సు మెట్టు దగ్గర కాలు ఆగిపోయింది.

వెనక నుంచి ఎవరో, "పొద్దన్నే ఏసుకోనొచ్చినాడా? ఎక్కేదుంటే ఎక్కమనుమ్మా!"

ఒళ్లు మండింది నాకు. "తాగలేదప్పా! పార్కిన్సన్స్ జబ్బు. ఒక నిమిషం ఆగితే మీ సొమ్మేం పోతాది?"

ఒకటి, రెండు అన్నాను... కాలు లేవలేదు. నాయన తల దించుకున్నాడు. ఇప్పుడు వెనక్కి తిరిగితే మళ్లీ ఎప్పటికీ బయటికి రాడని భయమేసింది. ఏం తోచిందో, గట్టిగా "రైట్... రైట్!" అని అరిచాను.

కాలు లేచింది! ఒక మెట్టు... రెండో మెట్టు... పైకెక్కి నన్ను ఉరిమి చూశాడు. "నేను ఈడుండంగా రైట్ నువ్వు చెప్పేది యాల?"

బస్సంతా ఒకటే నవ్వు. కండక్టరమ్మకు సంగతి అర్థమైంది. "సర్వీసు చేసినారా సార్? అట్లయితే మీరే చెప్పండి" అని ఆగింది.

నాయన కడ్డీ పట్టుకుని గొంతు కూడదీసుకున్నాడు. "రైట్..."

నాకే సరిగ్గా వినబడలేదు. అయినా బస్సు కదిలింది.

ఆ రోజుల్లో ఆయన కేక బస్టాండు దాటి వినబడేది... ఇప్పుడు మనమే కాస్త ఆగి వినాలి. మీ ఇంట్లోనూ వణికే చేతులుంటే, అవి ఒకప్పుడు ఏమేం చేశాయో ఇక్కడ చెప్పండి... మా నాయనకు చదివి వినిపిస్తాను.